తొమ్మిది రోజుల రాణి చేతిరాత

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, ఈ గ్రంథాలయాన్ని కనిపెట్టుకుని ఉన్న సిబ్బందికి, వెనక వరసల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారాలు. వేదిక మీది పెద్దల పేర్లన్నీ వరసగా చదవడం మన సభల ఆనవాయితీ. ఇవాళ ఆ పది నిమిషాలూ కూడా, ఇంగ్లండ్‌ను తొమ్మిది రోజులు ఏలిన లేడీ జేన్ గ్రేకే ఇవ్వమని పెద్దలను వేడుకుంటున్నాను. మన్నించాలి.

గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14న మొదలవుతాయి. దానికి ఒక్కరోజు ముందు తేదీన, అంటే నవంబరు 13న, 1553లో లండన్ గిల్డ్‌హాల్‌లో పదహారు పదిహేడేళ్ల అమ్మాయిని నిలబెట్టి రాజద్రోహం కింద మరణశిక్ష వేశారు. ఆమె మీద మోపిన అభియోగంలో ఒక ముఖ్యమైన అంశం, రాణి హోదాలో కాగితాల మీద సంతకాలు పెట్టడం. ‘రాణి జేన్’ అని స్వహస్తంతో పెట్టిన సంతకాలే ఆమెకు ఎదురుసాక్ష్యం అయ్యాయి. పుస్తకాల పండగలో మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన మనిషి నాకు తోచలేదు.

ఆహ్వాన పత్రికలో ‘చరిత్రలోనూ జనరంజక కళల్లోనూ లేడీ జేన్ గ్రే’ అని వేశారు. ముందు చరిత్ర, తర్వాత బొమ్మలు, ఆ తర్వాత సినిమాలు చెప్పుకుందాం. అయితే నా మనసులో ఉన్న బాధ ముందే చెప్పేస్తాను. ఆమె బతికి ఉండగా గీసినదని రుజువైన చిత్తరువు ఇప్పటికి ఒక్కటి కూడా లేదు. ఆమె సొంత చేత్తో రాసిన రాతలు ఉన్నాయి. లోకం మాత్రం దొరకని ముఖం చుట్టూ తిరిగి, దొరికిన రాతను పక్కన పడేసింది.

ఇక చరిత్ర. జేన్ ఎవరు? ఎనిమిదో హెన్రీ చెల్లెలు మేరీ ట్యూడర్‌కు ఫ్రాన్సెస్ అనే కూతురు. ఆ ఫ్రాన్సెస్ పెద్ద కూతురు జేన్. తండ్రి హెన్రీ గ్రే, లెస్టర్‌షైర్‌లోని బ్రాడ్‌గేట్ ప్రభువు, 1551 నుంచి సఫోక్ డ్యూక్. జేన్‌కు కేథరిన్, మేరీ అని ఇద్దరు చెల్లెళ్లు.

సింహాసనం ఎవరి తర్వాత ఎవరిది అన్నది 1544 నాటి చట్టంలోనూ, 1546 డిసెంబరులో హెన్రీ రాయించిన వీలునామాలోనూ స్పష్టంగానే ఉంది. ముందు కొడుకు ఎడ్వర్డ్. అతనికి పిల్లలు లేకపోతే పెద్ద కూతురు మేరీ. ఆమెకూ లేకపోతే చిన్న కూతురు ఎలిజబెత్. వాళ్లు ముగ్గురూ అయ్యాకే హెన్రీ చెల్లెలి సంతతి. ఇందులో ఒక లొసుగు ఉంది. చట్టం ఆడపిల్లలిద్దరినీ వారసుల వరసలోకి తెచ్చింది కానీ, అంతకుముందు వాళ్ల మీద వేసిన అక్రమ సంతానమన్న ముద్రను తీసెయ్యలేదు. తొమ్మిదేళ్ల తర్వాత జరిగిందంతా ఆ సందులోంచే వచ్చింది.

ఆరో ఎడ్వర్డ్ పదిహేనేళ్ల పిల్లవాడు, పట్టుదల గల ప్రొటెస్టెంటు. అక్క మేరీ అంతే పట్టుదల గల కేథలిక్కు. 1553లో జబ్బుపడ్డ ఎడ్వర్డ్ తన తర్వాతి వారసత్వం గురించి స్వయంగా ఒక కాగితం రాశాడు. ఆ కాగితం ఇప్పటికీ లండన్‌లో ఇన్నర్ టెంపుల్ గ్రంథాలయంలో ఉంది. దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం, ఎందుకంటే కథ మలుపు తిరిగింది ఆ కాగితం మీదే.

మొదట రాసినప్పుడు అతని ఆలోచన మగవారసుడి గురించే. ఫ్రాన్సెస్‌కు పుట్టబోయే మగపిల్లలకు, వాళ్లు లేకపోతే జేన్‌కు పుట్టబోయే మగపిల్లలకు, తర్వాత ఆమె చెల్లెళ్ల మగపిల్లలకు అని వరస రాసుకున్నాడు. ఆ వరసలో బతికున్న మగవాడు ఒక్కడూ లేడు. అందరూ ఇంకా పుట్టవలసినవాళ్లే. జూన్ వచ్చేసరికి అంత వ్యవధి లేదని తేలిపోయింది. అప్పుడు ‘జేన్ మగపిల్లలకు’ అన్నచోట ఒక చిన్న దిద్దుబాటు జరిగింది. జేన్ పేరు చివర ఉన్న ఒక అక్షరాన్ని కొట్టేసి, వరస పైన రెండు చిన్న మాటలు ఇరికించారు. దాంతో ‘జేన్‌కూ, ఆమె మగపిల్లలకూ’ అయింది. సిరాతో ఒక కొట్టివేత, పైన ఒక చేర్పు. ఇంగ్లండ్ కిరీటం మేరీ తల దాటి జేన్ తలమీదికి వచ్చింది.

న్యాయమూర్తులను పిలిచి దీన్ని చట్టబద్ధమైన పత్రంగా రాయమన్నారు. ప్రధాన న్యాయమూర్తుల్లో ఒకరైన ఎడ్వర్డ్ మాంటేగ్యూ, ఇలా రాస్తే రాసినవాళ్లమందరం రాజద్రోహులం అవుతామని అడ్డుచెప్పాడు. జబ్బు రాజు వాళ్లను కోపంగా గదమాయించి రాయించుకున్నాడు. జూన్ 21న రాజపత్రం తయారైంది. వందకు పైగా ప్రముఖులు సంతకాలు పెట్టారు.

ఈ పత్రంలో దోషం ఎక్కడుందో విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. తన తర్వాత ఎవరన్నది వీలునామా ద్వారా నిర్ణయించే అధికారాన్ని పార్లమెంటు హెన్రీకి ఇచ్చింది. ఎడ్వర్డ్‌కు ఇవ్వలేదు. పార్లమెంటు చేసిన చట్టాన్ని మార్చాలంటే మళ్లీ పార్లమెంటే మార్చాలి. సభ కూడేలోపు రాజు చనిపోయాడు. అందుకని జేన్ హక్కుకు పునాది ఒక రాజు ఇష్టం, వంద మంది సంతకాలు. అంతే.

ఈలోగా మే నెలాఖరులో డర్హమ్ హౌస్‌లో జేన్‌కు గిల్‌ఫర్డ్ డడ్లీతో పెళ్లయింది. గిల్‌ఫర్డ్ తండ్రి జాన్ డడ్లీ, నార్తంబర్లాండ్ డ్యూక్, రాజు పేరుతో దేశాన్ని నడుపుతున్నవాడు. అదే రోజున జేన్ చెల్లెలు కేథరిన్‌కు పెంబ్రోక్ ప్రభువు కొడుకుతోనూ పెళ్లి చేశారు. పెళ్లిళ్లతో కూటమి కట్టారు. ఆ కూటమిలో పెంబ్రోక్ ఎంతకాలం నిలబడ్డాడో కాసేపట్లో చెప్తాను.

జులై 6న గ్రీనిచ్‌లో ఎడ్వర్డ్ చనిపోయాడు. చావును మూడు నాలుగు రోజులు దాచారు. 9న జేన్‌ను సయన్ హౌస్‌కు రప్పించి, నువ్వే రాణివని చెప్పారు. 10న పడవ మీద లండన్ టవర్ అనే రాజకోటకు తీసుకెళ్లి, నగరంలో చాటింపు వేయించారు. ఆ చాటింపు విన్న జనంలో గిల్బర్ట్ పాట్ అనే కుర్రాడు, సారా దుకాణంలో పనిచేసేవాడు, హక్కు మేరీదేనని పైకే అన్నాడు. మర్నాడు చీప్‌సైడ్‌లో అతన్ని బొండకొయ్యకు బిగించి రెండు చెవులూ కోసేశారు. జేన్ పాలనలో మొదటి శిక్ష అది. ఆమెను అమాయకపు పావురంలా మాత్రమే చూపించే కథల్లో ఈ కుర్రాడు కనపడడు. కనపడాలి.

పదో తేదీ నుంచి పంతొమ్మిది దాకా ఏం జరిగింది, ఎందుకు కూలింది? మొదటి తప్పు, మేరీని పట్టుకోకపోవడం. ఎడ్వర్డ్ పోకముందే ఆమెకు ఉప్పందింది. హన్స్‌డన్ నుంచి తప్పించుకుని నార్ఫోక్‌లోని తన కెనింగ్‌హాల్‌కు చేరుకుంది. అక్కడినుంచి 9వ తేదీనే మంత్రిమండలికి లేఖ రాసింది, నేనే మీ రాణిని అని. జేన్ చాటింపు పూర్తయి ఊపిరి పీల్చుకునేలోపే ఆ లేఖ లండన్ చేరింది. 12న మేరీ ఫ్రామ్లింగ్‌హామ్ కోటకు మారింది. తూర్పు జిల్లాల్లో చిన్నాపెద్దా ప్రభువులు, వాళ్ల కౌలుదార్లు మనుషులతో ఆయుధాలతో అక్కడికి రావడం మొదలుపెట్టారు.

రెండో తప్పు, సేనాపతి ఎంపిక. మేరీ మీదికి జేన్ తండ్రిని పంపాలనుకున్నారు. జేన్ కన్నీళ్లు పెట్టుకుని తండ్రి తన దగ్గరే ఉండాలని పట్టుబట్టింది. దాంతో 14న నార్తంబర్లాండే బయల్దేరాడు. మిగతా మంత్రులను ఒక్కచోట పట్టి ఉంచింది అతని భయమే. అతను ఊరి పొలిమేర దాటగానే ఆ పట్టు వదిలింది. మూడో దెబ్బ సముద్రం మీద. మేరీ తప్పించుకోకుండా తూర్పు తీరంలో నిలిపిన ఓడల్లో నావికులు తమ అధికారులకు ఎదురుతిరిగి మేరీ పక్షం చేరారు. ఫిరంగులు మేరీకి దక్కాయి.

16వ తేదీ రాత్రి జరిగింది వినండి. టవర్‌లోపల నివసిస్తూ రోజువారీ సంగతులు రాసుకున్న ఒకతని దినచర్య ఉంది. 1850లో కామ్డెన్ సొసైటీ దాన్ని అచ్చువేసింది. ఆ రాత్రి ఏడు గంటల వేళ టవర్ తలుపులు హఠాత్తుగా మూసేసి, తాళంచెవులు జేన్ దగ్గరికి తీసుకెళ్లారని అందులో ఉంది. కోశాధికారి వించెస్టర్ ప్రభువు చడీచప్పుడు లేకుండా తన ఇంటికి జారుకున్నాడు. అర్ధరాత్రి మనుషులను పంపి అతన్ని వెనక్కి రప్పించారు. తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి? జేన్ దగ్గర.

అదే వించెస్టర్ కొద్దిరోజుల ముందు కిరీటం తెచ్చి తలమీద సరిపోతుందో లేదో పెట్టి చూడమన్నాడు. నీ భర్తకూ ఒకటి చేయిస్తామన్నాడు. గిల్‌ఫర్డ్‌ను డ్యూక్‌ను చేస్తానుగానీ రాజును చెయ్యనని జేన్ తేల్చిచెప్పింది. అత్త మండిపడింది, మొగుడు అలిగాడు, జేన్ మాట మార్చలేదు. ఈ సంగతి తర్వాత ఆమె మేరీకి రాసుకున్న విన్నపంలో ఉంది. ఆ విన్నపం ఇటాలియన్ పాఠంగా మనదాకా వచ్చింది.

19న మంత్రులు బేనార్డ్స్ కాజిల్‌లో కూడారు. అది ఎవరి ఇల్లు? పెంబ్రోక్ ప్రభువుది, జేన్ చెల్లెలికి మామగారైన పెంబ్రోక్‌ది. అక్కడినుంచే వెళ్లి చీప్‌సైడ్‌లో మేరీని రాణిగా చాటారు. టోపీలు గాల్లోకి ఎగరేశారు, గంటలు మోగాయి, వీధుల్లో మంటలు వేసి విందులు చేసుకున్నారు. జేన్ తండ్రి టవర్ బయటికొచ్చి తానే మేరీ పేరు చాటాడు. అది తొమ్మిదో రోజు. ఎడ్వర్డ్ చనిపోయిన నాటినుంచి లెక్కపెడితే పదమూడు రోజులు. రెండు లెక్కలూ పుస్తకాల్లో కనిపిస్తాయి, రెండూ సరైనవే. మొదలు ఎక్కడ పెట్టారన్నదే తేడా.

నార్తంబర్లాండ్‌ను ఆగస్టు 22న నరికారు. జేన్‌ను చంపాలని మేరీకి మొదట లేదు. శిక్ష వేయించినా అమలు చెయ్యకుండా టవర్‌లోనే ఉంచింది. 1554 జనవరిలో, మేరీ స్పెయిన్ యువరాజు ఫిలిప్‌ను చేసుకోవడం ఇష్టంలేక థామస్ వయట్ తిరుగుబాటు లేవదీశాడు. అందులో జేన్ తండ్రి చేరాడు. ఒకసారి క్షమాభిక్ష పొందినవాడు, కూతురు ఇంకా టవర్‌లో ఉండగా చేరాడు. జేన్ మెడ మీద కత్తి పడడానికి కారణం ఆ పని. ఫిబ్రవరి 12న ముందు గిల్‌ఫర్డ్‌ను, తర్వాత జేన్‌ను చంపారు. తండ్రిని ఫిబ్రవరి 23న.

ఇప్పుడు బొమ్మల దగ్గరికి వద్దాం. ఈ పేరు విన్నవాళ్లలో ఎక్కువమందికి కళ్లముందు కదిలే దృశ్యం ఫ్రెంచి చిత్రకారుడు పాల్ డెలారోష్ 1833లో వేసిన తైలవర్ణ చిత్రం. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాదాపు మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు. చీకటి నేలమాళిగ లాంటి గది, తెల్లని పట్టు గౌను, కళ్లకు గంతలు, చేతులు చాపి తల వాల్చే కొయ్య కోసం తడుముకుంటున్న అమ్మాయి, పక్కన ఆమెను మెల్లగా నడిపిస్తున్న పెద్దమనిషి, కింద గడ్డి పరుపు. 1834లో పారిస్ ప్రదర్శనలో జనం విరగబడి చూశారు. ఫ్రెంచి విప్లవంలో తమ రాణి తల తెగడం కళ్లారా చూసిన తరం ఇంకా బతికే ఉన్న ఊరు అది. 1928లో థేమ్స్ వరద టేట్ గ్యాలరీ నేలమాళిగలోకి వచ్చినప్పుడు ఈ చిత్రం నాశనమైపోయిందనుకున్నారు. 1973లో చుట్టలు చుట్టిన కాన్వాసుల మధ్య బయటపడింది.

గొప్ప చిత్రమే, కాదనను. కానీ అక్కడ జరిగింది వేరు. టవర్‌లోపలి పచ్చిక మీద, ఆరుబయట, పగటివేళ జరిగింది. విచారణనాడు వేసుకున్న గౌనే ఆమె వేసుకుందని దినచర్య చెబుతోంది. విచారణనాటి బట్టలు తలమీది కప్పుతో సహా నలుపు. చేతిలో పుస్తకం ఉంది, చదువుకుంటూ నడిచింది. ఆమె వెంట ఉన్న స్త్రీలు ఏడుస్తుంటే ఆమె కళ్లు తడి కాలేదని కూడా రాశాడు. గంతలు ఎవరూ కట్టలేదు, తానే కట్టుకుంది. కొయ్య దొరక్క ‘ఏం చెయ్యను? ఎక్కడుంది అది?’ అని అడిగిన మాట నిజం. దగ్గర నిలబడ్డవాళ్లలో ఒకరు చెయ్యి పట్టి చూపించారు. డెలారోష్ ఆ ఒక్క క్షణాన్ని తీసుకుని, దానికి ముందు ఆమె నిలబడి మాట్లాడిన మాటలన్నీ బొమ్మ బయట వదిలేశాడు.

ఆ మాటలు ఏమిటంటే, రాణికి విరుద్ధంగా జరిగింది చట్టవిరుద్ధం, దానికి ఒప్పుకోవడం నా తప్పు. కానీ దాన్ని కోరుకున్నదీ సమకూర్చుకున్నదీ నేను కాదు, ఆ విషయంలో నా చేతులు కడుక్కుంటున్నాను. ఎంత కొలిచి మాట్లాడిందో చూడండి. తర్వాత, నేను ప్రాణంతో ఉన్నంతసేపూ నాకోసం ప్రార్థించండి అంది. ప్రాణంతో ఉన్నంతసేపూ! చచ్చినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థనలు కేథలిక్కు ఆచారం. అవి నాకు వద్దు అని, కేథలిక్కు రాణి మనుషుల మధ్య నిలబడి, ఆఖరి నిమిషంలో వాదం గెలిచింది.

తర్వాత సినిమాలు చెప్పాలి. చెప్తాను. కానీ అంతకుముందు ఒక ఉత్తరం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ప్రసంగం క్రమం కాస్త తప్పినా ఓపిక పట్టండి.

ఏ పుస్తకం తిరగేసినా, ఏ వ్యాసం చదివినా జేన్ రూపం ఇలా ఉంటుంది. పొట్టి, సన్నం, చిన్న ముఖం, చక్కని ముక్కు, ఎర్రబారిన జుట్టు, మెరిసే కళ్లు, చెంపల మీద మచ్చలు, నవ్వితే తెల్లని పళ్లు. ఆకుపచ్చ ముఖమల్ మీద బంగారు పని చేసిన గౌను. పొడుగ్గా కనపడడానికి కాళ్లకు ఎత్తు చెక్క చెప్పులు. గౌను కుచ్చిళ్లు తల్లి పట్టుకుని నడిచింది. జులై 10న టవర్ దగ్గర నిలబడి కళ్లారా చూసిన బాప్టిస్టా స్పినోలా అనే జెనోవా వర్తకుడు రాసిన ఉత్తరంలోని వర్ణన ఇదంటారు. ఎంత బాగుంది! మచ్చలతో సహా మనిషి లేచి వచ్చినట్టు ఉంది.

ఆ ఉత్తరం ఎక్కడుంది? ఎక్కడా లేదు. 1909లో రిచర్డ్ డేవీ అనే రచయిత జేన్ జీవితం మీద వేసిన పుస్తకంలో అది మొదటిసారి కనిపిస్తుంది. అంతకుముందు మూడువందల యాభై ఏళ్లలో ఎవరూ దాన్ని ఉదహరించలేదు, ఏ భాండాగారం జాబితాలోనూ లేదు. చరిత్రకారిణి లియాండా డి లైల్ దాని మూలం కోసం వెతికి, అది కల్పన అని తేల్చింది. నూరేళ్లపాటు ఒకరి పుస్తకం చూసి ఒకరు ఎక్కించుకుంటూ పోయారు. తర్వాతివాడు ముందువాడి పుస్తకాన్ని ఆధారంగా చూపించాడు, ఆ ముందువాడు డేవీని చూపించాడు. అందరి కాళ్లూ ఒకే కుర్చీ మీద ఉన్నాయి, ఆ కుర్చీకి కింద నేల లేదు.

దీనివల్ల నష్టమేమిటి, గౌను రంగేగా అనొచ్చు. నష్టం ఉంది. పాత చిత్తరువుల్లో ఏది జేన్‌దో తేల్చేటప్పుడు జుట్టు రంగుకు, మచ్చలకు ఈ వర్ణనను కొలబద్దగా పట్టారు. అబద్ధంతో నిజాన్ని కొలిచారు. రెండో నష్టం ఇంకా పెద్దది. ఆ రోజు జేన్ ఏం సంతకం చేసిందో చెప్పే అసలు కాగితాలు ఉన్నాయి. పదో తేదీ నుంచి జిల్లాల ప్రభువులకు వెళ్లిన లేఖలు, తలభాగంలో రాణి సంతకం, కింద మేరీని అక్రమ సంతానమని ఈసడించే వాక్యాలు. ఆ లేఖల్లో రాజ్యాధికారం వాడుతున్న మనిషి కనిపిస్తుంది. చెప్పుల ఎత్తు తెలిసినంతమందికి ఈ లేఖల సంగతి తెలియదు. నా ఫిర్యాదు అదీ.

విద్యార్థులకు ఒక పద్ధతి చెప్తాను, రాసుకోండి. ఏదైనా ‘ప్రత్యక్షసాక్షి’ మాట కనపడితే ముందు దాని అసలు ప్రతి ఏ ఊళ్లో, ఏ భాండాగారంలో, ఏ నంబరు కింద ఉందో అడగండి. నంబరు లేకపోతే ఎర్రజెండా. తర్వాత వెనక్కి నడవండి. ఈ పుస్తకం ఎవరిని ఉదహరించింది, ఆ పుస్తకం ఎవరిని, అలా పోగా మొదటిసారి ఏ ఏడాది కనిపించిందో చూడండి. సంఘటనకూ మొదటి ప్రస్తావనకూ మధ్య వందల ఏళ్ల ఖాళీ ఉంటే, ఆ ఖాళీలో కాగితం ఎవరి దగ్గర ఉందో చెప్పగలగాలి. చివరిగా లోపలి విషయం చూడండి. రాసినవాడికి తెలిసే వీలు ఉన్నదే రాశాడా? ఈ మూడింటిలో స్పినోలా ఉత్తరం మొదటిదానికే ఆగిపోతుంది.

లైబ్రేరియన్ గారూ, మీకొక విన్నపం. మన అరల్లో ట్యూడర్ చరిత్ర మీద పాత పుస్తకాలు ఉంటాయి. ఆ పేజీ ఉన్న పుస్తకంలో ఒక చిన్న చీటీ పెట్టించండి. పుస్తకం మీద రాయొద్దు, చీటీ చాలు.

ఇదే జాగ్రత్త తల్లి ఫ్రాన్సెస్ విషయంలోనూ కావాలి. ఆమె రాక్షసి అన్న కథకు వేరు ఆ కాలపు పండితుడు రోజర్ యాస్కమ్ పుస్తకం. 1550లో బ్రాడ్‌గేట్ వెళ్తే ఇంట్లోవాళ్లంతా వేటకు పోయారని, జేన్ ఒక్కతే కూర్చుని ప్లేటో గ్రీకు సంభాషణ చదువుతోందని రాశాడు. అమ్మానాన్నల ఎదుట ఏ పని చేసినా గిచ్చుళ్లు మొట్టికాయలేనని, గురువు ఎల్మర్ మాత్రం మెత్తగా చెబుతాడని ఆమె అన్నట్టు రాశాడు. ఆ పుస్తకం అచ్చయింది 1570లో, సందర్శన జరిగిన ఇరవై ఏళ్లకు. అది రాసిందే పిల్లలకు దెబ్బలు లేకుండా చదువు చెప్పాలని వాదించడానికి. జేన్ చదువు గురించి అది విలువైన సాక్ష్యం. తల్లి స్వభావం మొత్తం మీద తీర్పు ఇవ్వడానికి ఆ ఒక్క పేరా చాలదు.

చిత్తరువుల సంగతి రెండు ముక్కల్లో. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో జేన్ పేరుతో చాలాకాలం వేలాడిన నిలువెత్తు చిత్రం ఎనిమిదో హెన్రీ ఆఖరి భార్య కేథరిన్ పార్‌దని 1990లలో తేలింది. రొమ్ము మీది నగ కేథరిన్ నగల జాబితాతో సరిపోయింది. అదే గ్యాలరీ 2006లో కొన్న స్ట్రెథామ్ చిత్రం ఆమె చనిపోయిన నలభై ఏళ్లకు వేసిన స్మారకచిత్రం లాంటిది. జేన్‌దేనేమోనని అనుకునే మరో చిత్రం, రెస్ట్ పార్క్ చిత్రం మీద 2025లో పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. బొమ్మ వేసిన చెక్కలోని వలయాలను బట్టి కాలం పదహారో శతాబ్దం మధ్యకు సరిపోతుంది, బట్టలు తర్వాత మార్చి వేశారు, కళ్లను నోటిని ఎవరో గీకారు. ఆశపడవచ్చు. రుజువు మాత్రం కాదు.

ఇక సినిమాలు. 1936లో ఇంగ్లండ్‌లో తీసిన ‘ట్యూడర్ రోజ్’లో నోవా పిల్బీమ్ జేన్‌గా వేసింది. 1986లో ట్రెవర్ నన్ దర్శకత్వంలో ‘లేడీ జేన్’, అందులో హెలెనా బోనమ్ కార్టర్. ఆ సినిమా జేన్, గిల్‌ఫర్డ్‌లను ప్రేమికులను చేసింది. వాళ్ల మధ్య కిరీటం విషయంలో జరిగిన తగాదా చెప్పాను కదా. 2024లో ప్రైమ్ వీడియోలో ఎనిమిది భాగాలుగా ‘మై లేడీ జేన్’ వచ్చింది. మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. అందులో మనుషులు జంతువులుగా మారతారు, గిల్‌ఫర్డ్ గుర్రం అవుతాడు, జేన్ చావదు. పెద్దవాళ్లు కొందరు దీన్ని చూసి చరిత్రను పాడుచేశారని కోప్పడుతున్నారు. నాకు దానిమీద కోపం లేదు. ఇది కల్పన అని మొదటి నిమిషంలోనే చెప్పి మొదలుపెట్టిన కథ అది. దాన్ని చూసి ఎవరూ పరీక్షలో గుర్రం అని రాయరు. సాక్ష్యం వేషం వేసుకుని వచ్చిన 1909 నాటి ఉత్తరం మీదే నా కోపమంతా.

ఇక ఆమె రాతలు. అసలు వీటితోనే మొదలుపెట్టవలసింది.

బ్రిటిష్ లైబ్రరీలో హార్లీ సేకరణ 2342 నంబరు కింద అరచేతిలో ఇమిడే ప్రార్థన పుస్తకం ఉంది. టవర్‌లో ఆఖరి రోజుల్లో ఆమె దగ్గరున్న పుస్తకం. పేజీల కింది అంచు ఖాళీలో చేతిరాత ఉంది. ఒకచోట గిల్‌ఫర్డ్ తన మామగారికి, జేన్ తండ్రికి, రాసిన వాక్యం. మీ విధేయుడైన కొడుకు మీకు దీర్ఘాయువు కోరుకుంటున్నాడని. మరోచోట జేన్ తండ్రికి రాసింది. దేవుడు మీ పిల్లలిద్దరినీ తీసుకుపోయినా వాళ్లను పోగొట్టుకున్నాననుకోవద్దని. ఇద్దరినీ అంది, తననూ గిల్‌ఫర్డ్‌నూ కలిపి. ప్రేమకథ కావాలన్నవాళ్లకు ఇంతకంటే నమ్మదగిన ఆధారం లేదు. వేర్వేరు గదుల్లో బంధించిన ఇద్దరూ ఒకే పుస్తకంలో రాశారు. తన చావుకు కారణమైన తండ్రికి ఓదార్పు రాసింది, ఒక్క నిష్ఠూరం లేదు.

మూడో రాత టవర్ అధికారి జాన్ బ్రిడ్జెస్‌కు. ఈ పుస్తకంలో ఏదైనా రాయమని అతనే అడిగాడు. కాపలా అధికారి ఖైదీని చేతిరాత అడిగాడంటే ఆమె అక్కడ ఎలా ఉండిందో ఊహించండి. పుట్టడానికో కాలం, చావడానికో కాలం ఉందని, పుట్టినరోజు కంటే చనిపోయే రోజు మేలని బైబిలు వాక్యం గుర్తుచేసి, కింద సంతకం పెట్టింది. ఏమని? జేన్ డడ్లీ అని. లోకమంతా ఆమెను గ్రే అనే పిలుస్తోంది. ఆమె ఆఖరి సంతకం మొగుడి ఇంటిపేరుతో ఉంది.

ఇంకా ఉన్నాయి. జూరిక్‌లోని మతపండితుడు బుల్లింగర్‌కు లాటిన్‌లో మూడు ఉత్తరాలు, టీనేజీలో రాసినవి. ప్రొటెస్టెంటు మతం వదిలి వెనక్కిపోయిన పాత మతగురువుకు రాసిన ఉత్తరం. నిన్నటిదాకా క్రీస్తు శరీరంలో భాగంగా ఉన్నవాడివి ఇవాళ సైతాను బిడ్డవయ్యావని తిట్టిపోస్తుంది. మెత్తని అమ్మాయి బొమ్మను చింపెయ్యడానికి ఆ ఒక్క ఉత్తరం చాలు. ఆమె పోయిన కొద్దికాలానికే అది రహస్యంగా అచ్చయి చేతులు మారింది.

మేరీ తన దగ్గరి మతాచార్యుడు ఫెకెన్‌హామ్‌ను పంపి జేన్‌ను కేథలిక్కుగా మార్చమంది. అందుకోసం శిక్షను మూడు రోజులు వాయిదా కూడా వేశారు. వాళ్లిద్దరి వాదన ప్రశ్నోత్తరాలుగా మిగిలింది. రొట్టె క్రీస్తు శరీరమే అని ఆయన అంటే, నేను ద్రాక్షవల్లిని, నేను ద్వారాన్ని అని కూడా క్రీస్తు అన్నాడు, నిజంగా తీగా తలుపూ అయ్యాడా అని అడిగింది. మారలేదు. అయినా వధ్యవేదిక దాకా ఆయన వెంట ఉండనిచ్చింది. ఈ కీర్తన చదవనా అని ఆయన్నే అడిగి, 51వ కీర్తనను మొదటినుంచి చివరిదాకా ఇంగ్లిషులో చదివింది. చెల్లెలు కేథరిన్‌కు తన గ్రీకు కొత్త నిబంధన పంపుతూ అందులో ఉత్తరం రాసింది. దీనికి పైన బంగారు తొడుగు లేకపోయినా లోపల రత్నాలకంటే విలువైనది ఉంది, బతకడం నేర్పుతుంది, చావడమూ నేర్పుతుంది అని.

అమ్మా, అయ్యా, ఈ సభలో కూర్చున్న తెలుగు, ఇంగ్లిషు ఎమ్మేల విద్యార్థులను సూటిగా అడుగుతున్నాను. ఇవన్నీ కలిపినా చిన్న పుస్తకం. తెలుగులోకి తీసుకురండి. ముందు చెల్లెలి ఉత్తరం పట్టుకోండి, అది పొట్టిది, తేలిక. తర్వాత ఫెకెన్‌హామ్ సంవాదం. దానికి బైబిలు తెలుగు అనువాదం పక్కన పెట్టుకోవాలి, పాదరీల్లో ఎవరినైనా సంప్రదించాలి. ఆ తర్వాత ప్రార్థన పుస్తకంలోని మూడు రాతలు, వధ్యవేదిక ప్రసంగం. మతగురువు ఉత్తరం చివర చెయ్యండి, తిట్లు కష్టం. పదహారో శతాబ్దపు వర్ణక్రమం చూసి భయపడకండి, బిగ్గరగా చదివితే సగం మాటలు విడిపోతాయి. మేరీకి రాసిన విన్నపం ఇటాలియన్ మీదుగా వచ్చింది కాబట్టి దాన్ని విడిగా పెట్టి ఆ సంగతి పైన రాయండి. ముఖచిత్రంగా డెలారోష్ బొమ్మ మాత్రం వెయ్యకండి. బ్రిడ్జెస్‌కు రాసిన పేజీ నకలు వెయ్యండి.

చేస్తామన్నవాళ్లు ఇవాళ వెళ్లేముందు లైబ్రేరియన్ గారి దగ్గర పేరు, ఏ భాగం తీసుకుంటారో రాయించండి. మొదటి చిత్తుప్రతులు చదువుకోవడానికి వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం పది గంటలకు ఈ హాలే అడిగి ఉంచాను.